ప్రమాదం జరిగి ఏళ్లు గడిచినా చిన్న శబ్దానికే గుండె ఎందుకు దడదడలాడుతుంది?

మెదడు ఆ ఘటనను ఇంకా పొంచి ఉన్న ముప్పుగానే దాచుకోవడం వల్ల అలా జరుగుతుంది. అపాయాన్ని పసిగట్టడంలో అమిగ్డాలా అనే చిన్న భాగానిది ముఖ్యపాత్ర. ఆలోచన అందుకునేలోపే అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. ఉదాహరణకు, కారు ప్రమాదం నుంచి బయటపడిన మనిషికి ఎక్కడో బ్రేకు కీచుమన్నా చాలు, అరచేతులు చెమర్చుతాయి. తాను క్షేమమేనని అతనికి తెలుసు, ఒంటికి ఆ కబురు ఇంకా అందలేదు.

దీన్ని పిరికితనం అనుకుని, ‘మర్చిపో’ అని సలహా ఇస్తుంటారు. అది పొరపాటు, బాధపడేవారికి అన్యాయం కూడా. జ్ఞాపకం నుంచి తప్పించుకు తిరిగేకొద్దీ భయం గట్టిపడుతుంది. ఇది నెల దాటినా తగ్గక నిద్ర, పని దెబ్బతింటుంటే పీటీఎస్‌డీ, అంటే ఘోర అనుభవం తర్వాత వెంటాడే మానసిక సమస్య, కావచ్చు. సైకాలజిస్టు సాయంతో ఆ జ్ఞాపకాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొనే చికిత్స చాలామందికి పనిచేస్తుంది.