కార్ల కంపెనీలు మునిగిపోతుంటే ప్రభుత్వం డబ్బు ఇవ్వాలా? 2008లో డెట్రాయిట్ పక్కన పనిచేసినవాడిగా నా జవాబు

ప్రశ్న ఇది: "2008-09లో అమెరికా ప్రభుత్వం జనరల్ మోటార్స్ (జీఎం), క్రైస్లర్ కంపెనీలకు జనం పన్నుల డబ్బు పెట్టి నిలబెట్టింది. అది సరైన పనేనా? సరిగ్గా నడుపుకోలేని కంపెనీ మూతపడితేనే మేలు కదా?"

సరైన పనే. నాకు ఇందులో అనుమానం లేదు. ఆ డబ్బు ఇచ్చిన తీరు మీద మాత్రం ఇన్నేళ్లయినా కోపం పోలేదు. రెండూ చెప్తాను.

"మూతపడనివ్వండి" అనేవాళ్లకు కార్ల కంపెనీ అంటే డెట్రాయిట్ నది ఒడ్డున ఉన్న అప్పటి జీఎం టవర్లు, సూట్లు వేసుకున్న సీఈఓలు. నేను అప్పట్లో మిషిగన్‌లో, మకోంబ్ కౌంటీలో ఒక చిన్న స్టాంపింగ్ షాపులో క్వాలిటీ ఇంజనీర్ని. స్టీలు రేకును ప్రెస్సులో పెట్టి కారు సీటు అడుగున బిగించే బ్రాకెట్లు కొట్టేవాళ్లం. అవి సీట్లు చేసే పెద్ద కంపెనీకి వెళ్లేవి, ఆ సీట్లు క్రైస్లర్ ప్లాంటుకి వెళ్లేవి. క్రైస్లర్ ఖాతా పుస్తకాల్లో మా పేరు ఎక్కడా ఉండదు. క్రైస్లర్ మూతపడితే మాత్రం ముందు మూతపడేది మేమే.

ఈ వ్యాపారమంతా అరువు మీదే నడుస్తుంది. ఇవాళ సరుకు పంపితే డబ్బు చేతికి రావడానికి నెలన్నర పడుతుంది. ఈలోగా స్టీలుకి, కరెంటుకి, జీతాలకి మనమే సర్దుకోవాలి. రావాల్సిన బిల్లులు చూపించి బ్యాంకులో అప్పు తెచ్చుకోవడం అక్కడ అందరూ చేసే పనే. 2008 వేసవిలో పెట్రోలు గాలన్ 4 డాలర్లు దాటి పెద్ద ట్రక్కులు కొనేవాళ్లు తగ్గిపోయారు. సెప్టెంబర్‌లో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడి బ్యాంకు కూలింది. ఆ తర్వాత డెట్రాయిట్ కంపెనీల పేరున్న బిల్లు పట్టుకెళ్తే బ్యాంకువాళ్లు మొహం తిప్పుకున్నారు. 2007లో అమెరికా మొత్తం మీద సుమారు కోటీ అరవై లక్షల వాహనాలు అమ్ముడైతే, 2009లో కోటీ నాలుగు లక్షలకు పడిపోయాయి. జీఎం, క్రైస్లర్ యాజమాన్యాల తప్పులు చాలానే ఉన్నాయి, కాదనను. కానీ అప్పు పుట్టకపోతే బాగా నడిచే కంపెనీ కూడా అలాంటి ఏడాదిని తట్టుకోలేదు.

2008 డిసెంబర్ 11 రాత్రి సెనేట్‌లో సాయం బిల్లు వీగిపోయింది. ముందు రోజే దిగువ సభ ఒప్పుకున్న 1,400 కోట్ల డాలర్ల అప్పు అది. మర్నాడు పొద్దున్న మా షాపుకి స్టీలు కాయిల్స్ లారీ వచ్చింది. ఎప్పటిలా డాక్‌కి ఆనించి పెట్టాడు గానీ, డ్రైవర్ గొలుసులు విప్పలేదు. టార్పాలిన్ మీద మంచు అలాగే ఉంది. మా ఫోర్క్‌లిఫ్ట్ నడిపే అతను బండి స్టార్ట్ చేసి ఎదురుచూస్తున్నాడు. "చెక్కు చేతిలో పడితేనే దించమన్నారు, పొద్దున్నే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది" అన్నాడు డ్రైవర్, నేల చూపులు చూస్తూ. ఏళ్ల తరబడి నెల రోజుల అరువు మీద స్టీలు పంపిన కంపెనీ అది. వాళ్లని కూడా తప్పు పట్టలేను. వాళ్లకు వాళ్ల మిల్లు అదే మాట చెప్పి ఉంటుంది.

మా ఓనర్ డెబ్బై దాటిన పెద్దాయన. డైలు, అంటే రేకును ముక్కగా కొట్టే ఇనుప అచ్చులు, చెక్కే పనివాడిగా మొదలుపెట్టి సొంతంగా షాపు పెట్టుకున్న మనిషి, వేళ్ల మీద ఆ పాత గాట్లు ఇంకా కనిపించేవి. ఆయన ఒక్క మాట కూడా అనకుండా కోటు తగిలించుకుని బ్యాంకుకి వెళ్లారు. మధ్యాహ్నం దాకా ప్రెస్సు ఆగిపోయింది. డై సెట్టర్ చేతులు కట్టుకుని దాని పక్కనే నిలబడ్డాడు. ఆయన బ్యాంకు చెక్కుతో తిరిగొచ్చి లారీ డ్రైవర్ చేతిలో పెట్టాక గొలుసులు ఊడాయి. కంపెనీ ఖాతాలో అంత డబ్బు లేదని, తన రిటైర్మెంట్ కోసం దాచుకున్నది తీశారని తర్వాత ఆఫీసులో తెలిసింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ పొద్దున్న ప్రెస్సుకి ఎక్కించి ఉన్నది క్రైస్లర్ డై కాదు, ఫోర్డ్ కారులో పడే బ్రాకెట్‌ది. అదే ప్రెస్సు, అదే స్టీలు, అదే మనుషులు. వారంలో రెండు రోజులు ఒకరికి, మూడు రోజులు ఇంకొకరికి. క్రైస్లర్ నుంచి రావాల్సింది రాకపోతే మేం పోతాం, మేం పోతే ఫోర్డ్ లైను ఆగిపోతుంది. అమెరికాలో ఉన్న హోండా, టయోటా ప్లాంట్లకు సరుకిచ్చేవాళ్లలో కూడా చాలామంది ఇలా అందరికీ ఇచ్చేవాళ్లే. ఫోర్డ్ అధిపతి అలాన్ ములాలీ తమకు వెంటనే ఆ డబ్బు అవసరం లేదంటూనే పోటీ కంపెనీలకు ఇవ్వమని కాంగ్రెస్ ముందు కూర్చుని అడిగింది ఇందుకే. పక్కవాడి దుకాణం మూతపడితే సంతోషించాల్సిన మనిషి వాడిని బతికించండి అని అడిగాడంటే, అంతకంటే సాక్ష్యం ఇంకేం కావాలి?

డిసెంబర్ 17న క్రైస్లర్ తన 30 ప్లాంట్లనూ కనీసం నెల పాటు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఏ వారం ఎన్ని ముక్కలు పంపాలో చెప్పే షెడ్యూల్‌ని మేం రిలీజ్ అంటాం. స్క్రీన్ మీద క్రైస్లర్ వరసలో అన్నీ సున్నాలే. 19న అధ్యక్షుడు బుష్ సెనేట్‌తో పని లేకుండా, బ్యాంకుల కోసం పెట్టిన నిధి నుంచే 1,740 కోట్ల డాలర్లు ఇస్తున్నట్టు చెప్పారు. జీఎంకి 1,340 కోట్లు, క్రైస్లర్‌కి 400 కోట్లు. మార్కెట్టే దేవుడని నమ్మే పార్టీ అధ్యక్షుడు ఆ పని చేశాడు. ఆయన మీద నాకు వేరే విషయాల్లో చాలా కోపాలున్నా, ఆ రోజు చేసింది మంచి పని.

"దివాలా తీయనిస్తే సరిపోయేది, కోర్టు చూసుకునేది" అనే వాదన రిపబ్లికన్ నాయకుడు మిట్ రామ్నీ అప్పుడే పత్రికలో రాశారు, ఇప్పటికీ చాలామంది చెప్తారు. దివాలా తీయనే తీశారు కదా! క్రైస్లర్ 2009 ఏప్రిల్ 30న, జీఎం జూన్ 1న కోర్టుకి వెళ్లాయి. తేడా ఏమిటంటే, కోర్టులో ఉన్నన్నాళ్లూ జీతాలు, సప్లయర్ల బిల్లులు కట్టడానికి ప్రభుత్వం డబ్బు పెట్టింది. ఆ సమయంలో ప్రపంచంలో ఏ ప్రైవేటు బ్యాంకూ అంత డబ్బు పెట్టే స్థితిలో లేదు. ఆ డబ్బే లేకపోతే కోర్టు చేసేది ఒక్కటే, మెషీన్లు వేలం వేయడం. డబ్బు ఉంది కాబట్టి జీఎం జూలై 10కల్లా బయటపడింది. అప్పటికి అందులో 60 శాతం పైచిలుకు వాటా అమెరికా ప్రభుత్వానిదే.

మొత్తం సుమారు 8,000 కోట్ల డాలర్లు పెట్టి, చివరికి 930 కోట్ల దాకా ప్రభుత్వం నష్టపోయింది. నష్టం నష్టమే. కానీ ఆ కంపెనీలు పోయి ఉంటే నిరుద్యోగ భృతికి, పెన్షన్లకి, రాని పన్నులకి అంతకు ఎన్నో రెట్లు పోయేవి. నిరుద్యోగంలో మిషిగన్ అప్పటికే దేశంలో మొదటి స్థానంలో ఉంది.

మనవాళ్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీని గురించి ఎవరూ రాయరు. ఆబర్న్ హిల్స్, వారెన్, డియర్‌బోర్న్‌ల చుట్టూ డిజైన్ పనుల్లో, ఐటీలో కాంట్రాక్టు మీద ఉన్న తెలుగువాళ్లు వందల్లో ఉండేవాళ్లు. ఆ శీతాకాలం ఒక స్నేహితుడు ఫోన్ చేసి, "అన్నా, బ్యాడ్జి తీసేసుకున్నారు, సోమవారం నుంచి రావద్దన్నారు" అన్నాడు. భార్య ఏడో నెల గర్భిణి. ఇప్పుడు హెచ్1బీ మీద ఉద్యోగం పోతే 60 రోజుల గడువు ఉంది. ఆ నిబంధన 2017లో వచ్చింది. అప్పుడు గడువే లేదు, ఉద్యోగం పోయిన రోజే స్టేటస్ పోయినట్టు. ఆ పైన 2009 ఫిబ్రవరిలో ప్రభుత్వ సాయం తీసుకున్న కంపెనీలు హెచ్1బీ వాళ్లని కొత్తగా తీసుకోవాలంటే అదనపు షరతులు పెట్టారు. బయటివాళ్లతో పని లేదని చెప్పడానికి చట్టం చేసే తీరిక దొరికింది గానీ, మా ఓనర్ లాంటి వాళ్లకి డబ్బు చేరేలా చూసే తీరిక ఎవరికీ దొరకలేదు.

నా కోపం అక్కడే. 2009 మార్చిలో సప్లయర్ల కోసం 500 కోట్ల డాలర్లు అని ఘనంగా ప్రకటించారు. ఆ డబ్బు నేరుగా సప్లయర్‌కి రాదు, జీఎం, క్రైస్లర్ల ద్వారానే రావాలి, ఎవరికి ఇవ్వాలో వాళ్లే తేల్చాలి. వాళ్లకు నేరుగా సరుకిచ్చే పెద్ద కంపెనీలకే అది అందుబాటులో ఉండింది. రెండో వరసలో, మూడో వరసలో ఉన్న మాలాంటి షాపులు లెక్కలోనే లేవు. చివరికి ఆ 500 కోట్లలో ఖర్చయింది 41 కోట్ల డాలర్ల పైచిలుకు మాత్రమే. డబ్బు లేక కాదు, దారి వేయక.

టీవీలో నెలంతా నడిచిన గొడవేమో సీఈఓలు సొంత విమానాల్లో వాషింగ్టన్ వచ్చారని. రెండోసారి హైబ్రిడ్ కార్లు నడుపుకుంటూ వస్తే అదో పెద్ద వార్త. బ్యాంకుల కోసం 70,000 కోట్ల డాలర్ల పథకం పాసైనప్పుడు ఆ బ్యాంకుల పెద్దలు ఎలా వచ్చారని ఎవరూ అడగలేదే? చేతులకి నూనె అంటుకునే పనికి ఒక న్యాయం, కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పనికి ఇంకో న్యాయం.

విశాఖ ఉక్కు విషయంలో కూడా ఇదే చూస్తున్నాను. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ఇచ్చింది, మంచిదే. చర్చంతా అంకె చుట్టూ, ఘనత ఏ పార్టీది అన్నదాని చుట్టూ తిరిగింది. ఆ డబ్బులో కాంట్రాక్టు కార్మికుల జీతం ఎన్నో వరసలో ఉందని అడిగినవాళ్లు ఎంతమంది?

కాబట్టి మళ్లీ ఏ కార్ల కంపెనీ అయినా చెయ్యి చాపితే, ఇవ్వండి. ఇచ్చే ముందు బాకీల జాబితా బల్ల మీద పెట్టించండి, చివరి వరసలో ఉన్న షాపు బాకీ ముందు తీర్చాలని కాగితం మీద రాయించుకోండి. వాటాదారులకి లాభాలు పంచడాలు, సొంత షేర్లు తిరిగి కొనుక్కోవడాలు పదేళ్ల దాకా కుదరవని కూడా రాయించండి. జీఎంలో ఉన్న చివరి షేరు ప్రభుత్వం అమ్ముకుని బయటికొచ్చింది 2013 డిసెంబర్‌లో. 2015లో జీఎం 500 కోట్ల డాలర్లతో సొంత షేర్లు కొంటానంది. 2018 నవంబర్‌లో ఒహాయోలోని లార్డ్స్‌టౌన్‌తో సహా కొన్ని ప్లాంట్లు ఆపేసి 14,000 దాకా ఉద్యోగాలు తీసేస్తానంది. అలా చేయకూడదన్న షరతు కాగితం మీద లేదు కాబట్టే చేయగలిగింది.

డెల్ఫాయ్ పెన్షనర్ల సంగతైతే మరీ అన్యాయం. కారు విడిభాగాలు చేసే డెల్ఫాయ్ ఒకప్పుడు జీఎంలో భాగమే, 1999లో విడదీశారు. 2009లో దాని పెన్షన్ బాధ్యత ప్రభుత్వ బీమా సంస్థ మీద పడింది. యూనియన్ కార్మికులకు తగ్గిన మొత్తాన్ని జీఎం కలిపి ఇచ్చింది. యూనియన్ లేని 20 వేల మందికి పైగా ఇంజనీర్లు, ఆఫీసు ఉద్యోగులకు కోత పడింది. వాళ్లలో కొందరితో నేను పనిచేశాను. వయసు మీదపడ్డాక హార్డ్‌వేర్ దుకాణాల్లో గంటల లెక్కన పనికి చేరారు. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు, ఫలితం లేదు. 2022 జూలైలో వాళ్ల పెన్షన్ పూర్తిగా తిరిగివ్వాలని ప్రతినిధుల సభ బిల్లు పాస్ చేసింది. అది సెనేట్ దాటలేదు.