పొలం అమ్మకుండా కెనడా వెళ్లవచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గరి పల్లె. నాకు 34 ఏళ్లు, నా భార్యకు 28. ఇద్దరమూ పీజీ చేసి ఉద్యోగాల్లో ఉన్నాం. కెనడాలో స్థిరపడాలనుకుంటున్నాం. దరఖాస్తు నా పేరునే పెట్టాలా? నా పట్టాలోని నాలుగెకరాలు అమ్మేయాలా?

జవాబు: భర్త పేరునే పెట్టాలన్న నియమం లేదు. కెనడాలో శాశ్వత నివాసానికి పాయింట్లను బట్టి ఎంపిక చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో వయసు పాయింట్లు ప్రధాన దరఖాస్తుదారుకే లెక్కిస్తారు. 20 నుంచి 29 ఏళ్ల వారికి అవి అత్యధికం, 30 నుంచి ఏటా తగ్గుతాయి కాబట్టి, చదువు, అనుభవం, ఇంగ్లిష్ స్కోరు ఇద్దరివీ దగ్గరగా ఉంటే మీ శ్రీమతి పేరున పెట్టడమే మేలు. ఈ మాట ఇంట్లో పెద్దలకు రుచించకపోవచ్చు, కానీ పాయింట్లకు పెద్దరికంతో పని లేదు. ఇంగ్లిష్ పరీక్ష ఫలితం రెండేళ్లే చెల్లుతుంది. ఆ పరీక్షకు ముందే పదో తరగతి మెమో, పాస్‌పోర్టు, వివాహ ధ్రువపత్రం పక్కపక్కన పరచి చూడండి. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగానూ, పాస్‌పోర్టులో పూర్తిగానూ ఉంటే ఇక్కడుండగానే సరిచేయించుకోండి.

పొలం అమ్మనక్కరలేదు. ఇక్కడ ఉన్నప్పుడు సంపాదించిన సాగుభూమిని ప్రవాస భారతీయులు ఉంచుకోవచ్చునని విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా) చెబుతోంది. అక్కడికి వెళ్లాక ఇక్కడ కొత్తగా సాగుభూమి కొనడమే కుదరదు. కౌలు డబ్బు పడే పొదుపు ఖాతాను మాత్రం ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా, అంటే ప్రవాసుల స్వదేశీ ఆదాయం జమయ్యే ఖాతాగా మార్పించుకోవాలి.