ఇంటర్వ్యూ వరకు వెళ్తున్నాను, ఆఫర్ మాత్రం రావడం లేదు. లోపం నా ఇంగ్లీషులోనే ఉందా?

గుంటూరులో బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నానని, రాతపరీక్షలు దాటి ఇంటర్వ్యూలో అడిగినవాటికి దాదాపు అన్నింటికీ జవాబు చెబుతున్నా ఎంపిక జాబితాలో పేరు ఉండడం లేదని, ఇంగ్లీషు మెరుగుపరచుకుంటే సరిపోతుందా అని మీరు అడిగారు. నేను కూడా గుంటూరులోనే చదువుకుని, ఇప్పుడు విజయవాడలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. కొత్తవారిని తీసుకునే సమయంలో బల్లకు అవతలి వైపు కూర్చుని ప్రశ్నలు అడగడం కొన్నేళ్లుగా నా ఉద్యోగంలో భాగం. అక్కడి నుంచి చూసినదాన్ని బట్టి, మీ ఇబ్బందికి ఇంగ్లీషు అసలు కారణం కాకపోవచ్చని నా అభిప్రాయం.

మీరు గది దాటి వెళ్లాక ఏం జరుగుతుందో ముందు చెబుతాను. ఇంటర్వ్యూ చేసినవారు ఒక ఫారంలో మార్కులతో పాటు నాలుగు మాటలు రాయాలి. సాయంత్రం ఆ ఫారాలన్నీ ముందు పెట్టుకుని హెచ్‌ఆర్ వారితో కూర్చున్నప్పుడు, ఖాళీల కన్నా ఫరవాలేదనిపించిన అభ్యర్థులే ఎక్కువగా ఉంటారు. ‘సబ్జెక్టు బాగుంది, చక్కగా మాట్లాడాడు’ అని చాలామంది గురించి రాసే ఉంటుంది కాబట్టి, ఆ మాటతో ఒకరిని ఉంచి మరొకరిని తీసేయడానికి ఆధారం దొరకదు. ఫలానా పని స్వయంగా చేసింది, అందులో వచ్చిన చిక్కును ఇలా విప్పింది అని రాసి ఉన్న ఫారం చేతిలో ఉంటే మాత్రం, ఆ అభ్యర్థి కోసం మాలో ఎవరో ఒకరు గట్టిగా వాదించగలుగుతారు. అడిగిన ప్రశ్నకు సరైన జవాబు చెబితే మిమ్మల్ని తిరస్కరించడానికి కారణం ఉండదు, అంతే. తీసుకోవడానికి కారణం వేరుగా కావాలి, దాన్ని మీరే మాకు అందించాలి.

అది దొరికే చోటు ఎక్కువగా మీ ప్రాజెక్టే. ముఖాన్ని గుర్తుపట్టి హాజరు వేసే ప్రాజెక్టు మన వైపు కళాశాలల రెజ్యూమెలలో తరచుగా కనిపిస్తుంది. కచ్చితత్వం 98 శాతం అని రాస్తారు. ఏ ఫోటోల మీద పరీక్షించారని అడిగితే చాలామంది అక్కడే ఆగిపోతారు, ఎందుకంటే ముఖాలు నేర్పడానికి, అంటే ప్రోగ్రాముకు శిక్షణ ఇవ్వడానికి వాడిన ఫోటోలతోనే పరీక్ష కూడా చేసి ఉంటారు. అలా వచ్చిన అంకెకు విలువ లేదు. ఒక అమ్మాయి మాత్రం, తన బ్యాచ్‌వారి ముఖాలు ల్యాబులో బాగానే గుర్తుపట్టినా తరగతి గదిలో కిటికీకి ఎదురుగా కెమెరా పెట్టేసరికి వెనుక బెంచీలవారి ముఖాలు నల్లగా పడి ఫలితం సగానికి పడిపోయిందని, కెమెరా చోటు మార్చి వేర్వేరు వెలుతురులో తీసిన ఫోటోలతో మళ్లీ శిక్షణ ఇచ్చామని, ఆ ఫోటోలు తీసి వర్గీకరించడం వరకే తన భాగమని, ముఖాలను గుర్తుపట్టే ప్రోగ్రాం, అంటే మోడల్, రాసినది తన స్నేహితుడని చెప్పింది. మోడల్ తాను రాయలేదని ఒప్పుకోవడం వల్ల ఆమెకు నష్టమేమీ జరగలేదు. ఆ రోజు మా చర్చలో అందరికీ గుర్తున్న అభ్యర్థి ఆమె ఒక్కరే. నలుగురు కలిసి చేసిన పనిలో ‘మేము చేశాం’ అన్న మాట వినగానే, అందులో మీరేం చేశారన్నదే తరువాతి ప్రశ్న అవుతుందని గుర్తుంచుకోండి. డబ్బిచ్చి తెచ్చుకున్న ప్రాజెక్టు రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

తెలియని ప్రశ్న వచ్చినప్పుడు ‘తెలియదు సార్’ అని ఆగిపోకండి, ఊహించి అల్లనూ వద్దు. డేటాబేసులో వెతుకులాటను వేగం చేసే ఇండెక్స్ ఉన్నా క్వెరీ (సమాచారం అడిగే ఆదేశం) ఎందుకు నెమ్మదిగా ఉందని అడిగితే, ‘ఇది నేనెప్పుడూ ఎదుర్కోలేదు, కానీ క్వెరీ ఎలా నడుస్తుందో చూపే ఎక్స్‌ప్లెయిన్ ఆదేశాన్ని ముందు నడిపి ఆ ఇండెక్స్‌ను వాడుతోందో లేదో చూస్తాను’ అన్న జవాబును మేము ఫారంలో రాసుకోగలం.

ఇక ఇంగ్లీషు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు తప్పులతో మాట్లాడినా విషయం అర్థమైతే మా వంటి సాంకేతిక ఉద్యోగాలకు అది అడ్డం కాదు. ఖాతాదారులతో నేరుగా ఫోనులో మాట్లాడే ఉద్యోగాలకు మాత్రం తప్పకుండా చూస్తారు. విసుగు పుట్టించేది బట్టీ పట్టిన స్వపరిచయం. తండ్రి వృత్తి, తల్లి గృహిణి, క్రికెట్ అభిరుచి అంటూ సాగే ఆ పాఠాన్ని వదిలేసి, మీరు చేసిన ఒక పని పేరు చెప్పి ఆపితే మేము అక్కడి నుంచే అడగడం మొదలుపెడతాం.

ఈ మాట ఇంజనీరింగు వారికే పరిమితం కాదు. మా పిన్ని కూతురు బీకాం పూర్తి చేసి గుంటూరులో ఒక మిర్చి ఎగుమతి సంస్థకు ఇంటర్వ్యూకు వెళ్లింది. నెలనెలా వేసే జీఎస్టీ రిటర్నుల్లో అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1ను మరుసటి నెల 11వ తేదీలోపు, పన్ను లెక్క తేల్చి కట్టే జీఎస్టీఆర్-3బీని 20వ తేదీలోపు వేయాలని ఆమెతో వచ్చిన వారందరికీ తెలుసు. ఆమె మాత్రం ఇంటర్న్‌షిప్ చేసిన ఆడిటరు గారి ఆఫీసులో కొనుగోలు రిజిస్టరును, అమ్మినవారు చూపిన బిల్లులతో తయారయ్యే జీఎస్టీఆర్-2బీ పట్టికతో సరిచూస్తుంటే కొన్ని బిల్లులు కనిపించలేదని, అమ్మినవారికి ఫోను చేసి వారి రిటర్నులో ఆ బిల్లులు వేయించాక ఆ క్రెడిట్ (కొనుగోలుపై కట్టిన పన్నుకు దక్కే మినహాయింపు) తరువాతి నెలలో వచ్చిందని వివరించింది. ఉద్యోగం ఆమెకే వచ్చింది.

ఖాళీ సంవత్సరం ఉంటే దాచకండి. మన ప్రాంతంలో గ్రూప్-2కో బ్యాంకు పరీక్షలకో కోచింగు తీసుకున్నవారు ఎంతోమంది, కాబట్టి అదేమీ మచ్చ కాదు. మళ్లీ నోటిఫికేషన్ పడితే వెళ్లిపోతారేమో అన్నదే మా భయం, దానికి సూటిగా జవాబు చెప్పండి. హైదరాబాదు, బెంగళూరు వెళ్లడానికి సిద్ధమా అన్నప్పుడు ఇంట్లో అడిగి చెబుతానంటే ఆ ఫారం పక్కకు పోతుంది. అది ముందే అడిగి రండి.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో పక్క తెరపై వచ్చే జవాబు చదివితే కళ్లు కదిలే తీరులోనే తెలిసిపోతుంది, అందులోనూ మీ సొంత కోడ్‌లో ఒక వరుస మార్చమనగానే ఆ సాయం పనికిరాదు. లక్షలు తీసుకుని ‘బ్యాక్‌డోర్’ ఉద్యోగం ఇప్పిస్తామనే కన్సల్టెన్సీల వైపు, దొంగ అనుభవ పత్రాల వైపు అసలు చూడకండి. ప్రతి ఉద్యోగి పీఎఫ్ ఖాతాలను కలిపే యూఏఎన్ నంబరు చరిత్రను తనిఖీ చేస్తే లేని ఉద్యోగం లేనట్టే కనిపిస్తుంది.

ఇంటర్వ్యూ అయిన రోజు రాత్రే, సరిగా చెప్పలేకపోయిన ప్రశ్నను స్వయంగా చేసి చూసి, ఇంటర్వ్యూ చేసినవారు మెయిల్ చిరునామా ఇచ్చి ఉంటే నాలుగు వాక్యాల్లో పంపండి. వారం గడిచినా కబురు లేకపోతే ఒక్కసారి మర్యాదగా అడగండి, స్పామ్ ఫోల్డరు చూస్తూ ఉండండి. ఆఫర్ చేతికి వచ్చాక సీటీసీ (మీ కోసం సంస్థ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) అంకెను పన్నెండుతో భాగించి నెలజీతం లెక్క వేసుకోకండి. సంస్థ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ సాధారణంగా అందులోనే కలిసి ఉంటాయి, మీ వాటా పీఎఫ్ కూడా జీతంలోంచే పోతుంది. బాండ్ ఉందేమో, ఉంటే ఎన్నేళ్లో, మధ్యలో మానితే ఎంత కట్టాలో చదివాకే సంతకం చేయండి.