టెక్ సందేహాలు: పాత ఆండ్రాయిడ్‌లో తెలుగుకు బదులు గడులు

ప్రశ్న: మా నాన్నగారు 2011లో కొన్న ఆండ్రాయిడ్ 2.3 ఫోన్ ఇప్పటికీ ఆన్ అవుతోంది. అందులో మా బాబాయి తెలుగులో పంపిన మెసేజ్‌లన్నీ ఖాళీ గడులుగా కనిపిస్తున్నాయి. గూగుల్ ఖాతాలోకి వెళ్లబోతే పాస్‌వర్డ్ తప్పంటోంది. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే బాగవుతుందా? (ఒక పాఠకురాలు, ఏలూరు)

జవాబు: దయచేసి రీసెట్ మాత్రం చేయకండి. చేస్తే ఫోన్‌లో ఉన్న మెసేజ్‌లు శాశ్వతంగా పోతాయి, పైగా మీ సమస్యల్లో ఒక్కటీ తీరదు. ఆండ్రాయిడ్ 2.3.7, అంతకు ముందరి వెర్షన్లున్న ఫోన్లలో ఖాతా లాగిన్‌ను గూగుల్ 2021 సెప్టెంబరు 27 నుంచి నిలిపివేసింది కాబట్టి, మీరు సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా తప్పనే చూపిస్తుంది. అదే వెర్షన్లకు వాట్సాప్ 2020 ఫిబ్రవరి 1తోనే ఆగిపోయింది.

ఇక గడుల విషయం. మీ బాబాయిగారి మాటలు ఎక్కడికీ పోలేదు. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో (ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ ఒక్కో సంఖ్య కేటాయించే ప్రమాణం) 1991 నుంచే సంకేత సంఖ్యలున్నాయి, మెసేజ్‌లో భద్రంగా ఉన్నవి ఆ సంఖ్యలే. వాటికి రూపమిచ్చే తెలుగు ఫాంట్ ఆ ఫోన్‌లో లేకపోవడంతో ప్రతి సంకేతానికీ ఒక గడి కనిపిస్తోంది. అలాగని ఫాంట్ ఒక్కటి ఉంటే సరిపోయేదీ కాదు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం వెనుక ఆరు సంకేతాలుంటాయి. వాటిని కలిపి ఒత్తులనూ గుడినీ తగిన చోట అమర్చే ఏర్పాటు ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఉండాలి. ఆ రోజుల్లో ఫోన్‌ను రూట్ చేసి (అంటే సిస్టమ్ ఫైళ్లను మార్చే పూర్తి అధికారం సంపాదించి) ఫాంట్ ఎక్కించుకున్నవారికి గడులు పోయినా, ఒత్తులు విడివిడిగా పడి చదవడానికి ప్రాణం మీదికొచ్చేది. ఆండ్రాయిడ్ 4.0 తర్వాతి వెర్షన్లలో గానీ ఈ లోపం క్రమంగా తీరలేదు. అంతవరకు చాలామంది ఒపేరా మినీ బ్రౌజర్‌లో ‘బిట్‌మ్యాప్ ఫాంట్స్’ సెట్టింగ్ మార్చుకుని, సర్వర్ బొమ్మగా మలిచి పంపిన తెలుగుతోనే సరిపెట్టుకున్నారు. అంతకంటే చవకైన కీప్యాడ్ ఫోన్లు కొన్ని అప్పటికే తెలుగును చక్కగా చూపించేవి. స్మార్ట్‌ఫోన్‌కు ఆ మాత్రం చేతకాకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మెసేజ్‌లను బయటికి తెచ్చే తేలిక మార్గం ఫార్వర్డ్ చేయడమే. గడులుగా కనిపిస్తున్న మెసేజ్‌ను అలాగే మీ కొత్త ఫోన్‌కు పంపితే సంకేతాలు యథాతథంగా చేరతాయి, అక్కడ తెలుగు కనిపిస్తుంది. పాత ఫోన్‌లో జియో సిమ్ పనిచేయదు, ఎందుకంటే ఆ సంస్థకు 2జీ, 3జీ నెట్‌వర్క్‌లు లేవు; ఎయిర్‌టెల్ వంటి 2జీ ఉన్న సిమ్‌ను, చిన్న సిమ్ పెద్ద స్లాట్‌లో పట్టేలా చేసే అడాప్టర్‌లో పెట్టి వేయండి. తెలుగులో ఒక్కో ఎస్ఎంఎస్‌కు 70 సంకేతాలే పడతాయి కనుక పొడవాటి మెసేజ్ ఒక్కటే రెండు మూడింటిగా లెక్కకు వస్తుంది. ముందు ప్యాక్ చూసుకోండి.

ఫోన్ నంబర్లకు ఇంత శ్రమ అక్కర్లేదు. కాంటాక్ట్స్ మెనూలో ‘ఎక్స్‌పోర్ట్ టు ఎస్‌డీ కార్డ్’ నొక్కితే పేర్లూ నంబర్లూ ఉండే వీసీఎఫ్ ఫైలు తయారవుతుంది. దానిని కొత్త ఫోన్‌లో తెరిస్తే తెలుగులో రాసుకున్న పేర్లు కూడా సరిగానే వస్తాయి. ఫొటోల కోసం కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, నోటిఫికేషన్‌లో ‘టర్న్ ఆన్ యూఎస్‌బీ స్టోరేజ్’ నొక్కి, కెమెరా ఫొటోలుండే డీసీఐఎం (DCIM) ఫోల్డర్‌ను కాపీ చేసుకోండి. అయితే ఛార్జింగ్ పెట్టే ముందు వెనుక మూత తీసి చూడండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే దానిని వాడకుండా, అదే మోడల్‌కు సరిపోయే మరో బ్యాటరీ వేయించి ఈ పనులు మొదలుపెట్టండి.