హంతకుడి పేరు చెప్పకుండా

అమ్మాయికి, ఆశీస్సులు.

నీ ఉత్తరం సోమవారం అందింది. నువ్వు రాసిన నవల సంగతి చివర్లో రెండు లైన్లలో తేల్చేసి, మిగతా మూడు పేజీలూ నీ స్నేహితురాలి గురించే రాశావు. నీకు ప్రాణప్రదమైన మిస్టరీ నవల ఒకటి ఆమె చేతిలో పెట్టావు. పెడుతూ, "చివర్లో ట్విస్ట్ మామూలుగా ఉండదు, నువ్వు అస్సలు ఊహించలేవు" అన్నావు. ఆమె అరవయ్యో పేజీలోనే హంతకుడిని పట్టేసి, పుస్తకం తిరిగి ఇచ్చేసింది. "నేను కథేమీ చెప్పలేదు కదండీ, మరి ఎక్కడ పొరపాటు చేశాను?" అని అడిగావు.

ట్విస్ట్ ఉందని చెప్పావు కదమ్మా. ఆ ఒక్క ముక్కతో ఆమె చదివే తీరు మారిపోయింది. నువ్వు ఏమీ అనకుండా ఇచ్చి ఉంటే ఆ కథలో మనుషులతో పాటు తనూ భయపడేది, వాళ్ళ మాటలు నమ్మేది, ఒకరి మీద జాలిపడేది. నువ్వు చెప్పాక ఇవేవీ జరగలేదు. మొదటి పేజీ నుంచీ అందరినీ బోనులో నిలబెట్టి చదివింది. ట్విస్ట్ ఉందని ముందే తెలిసినవాళ్ళు ఎవరిమీద అనుమానం రాదో వాళ్ళనే ముందు పట్టుకుంటారు. అరవై పేజీలు చాలు. రచయిత మూడు వందల పేజీలు కష్టపడి అల్లింది నువ్వు అరచేతిలో పెట్టి ఇచ్చావు. నీకు తెలియకుండా జరిగింది కాబట్టి బాధపడకు. కానీ ఇకపై మిస్టరీ నవల ఎవరికైనా ఇచ్చేటప్పుడు "ట్విస్ట్", "షాక్", "క్లైమాక్స్" అనే మూడు మాటలూ నోట్లోకి రానివ్వకు.

ఇది నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు. 1980ల్లో మా ఊళ్ళో బస్టాండు పక్క సందులో ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. గోడకు తీగ కట్టి వారపత్రికలు వేలాడదీసేవారు. లోపల మూడు అలమరాల నిండా నవలలు, అట్టలకు ఖాకీ కాగితం, వెన్ను మీద సిరాతో నంబరు. ఆ షాపాయన పుస్తకం ఇచ్చే ముందు కథ ఎప్పుడూ చెప్పేవాడు కాదు. తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం ఒక ప్రశ్న అడిగేవాడు. "రాత్రి ఎన్నింటిదాకా చదివావు?" "మధ్యలో ఎక్కడైనా ఆపావా?" "ఇందులో నీకెవరు నచ్చారు?" మన జవాబును బట్టి లోపలికి వెళ్ళి ఇంకో పుస్తకం తెచ్చేవాడు. రెండింటిదాకా చదివానన్నవాడికి మధుబాబు షాడో. "ఆ డిటెక్టివ్ ఆలోచించే పద్ధతి బాగుంది" అన్నవాడికి కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్. "నాకు భయంగా ఉంటే ఇష్టం" అని గొంతు తగ్గించి చెప్పిన మా పిన్నికి యండమూరి. యుగంధర్ నవల ఇస్తూ నాతో ఒకసారి అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "ఇది వాన పడేరోజు చదువు. ఏకబిగిన అయిపోవాలి." కథ గురించి అక్షరం చెప్పలేదు. నేను రెండు రోజులు మబ్బు కోసం చూశాను.

అదే షాపులో ఒకసారి, ఎవరో మహానుభావుడు ఒక నవల మూడో పేజీలో పెన్సిల్‌తో "చంపింది మేనేజర్" అని రాసి తిరిగి ఇచ్చాడు. నాలాంటి నలుగురు ఆ పుస్తకం తీసుకుని దిగాలుగా వెనక్కి తెచ్చారు. షాపాయన రబ్బరుతో తుడిచాడు. అక్షరాల గాడి పోలేదు. చివరికి ఆ పుస్తకాన్ని అలమరాలోంచి తీసేశాడు. రోజూ అద్దె తెచ్చే పుస్తకం అది. "ఇంకొకరికి ఇస్తే మోసం చేసినట్టు" అన్నాడు. ఆయన అంత చదువుకున్నవాడు కాడు. కానీ పాఠకుడి దగ్గర నుంచి ఏది లాక్కోకూడదో నాకు మొదట తెలిసింది ఆయన వల్లే.

ఇంకో సంగతి. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి తులసిదళం సీరియల్‌గా వచ్చిన రోజుల్లో, పత్రిక రాగానే ఇంట్లో ముందు ఎవరు చదవాలని గొడవ. అప్పుడు జనం ఆ నవల గురించి ఎలా చెప్పుకునేవారో ఆలోచించు. ముగింపు ఎవరికీ తెలియదు. అందుకని "ఆ పాపకు ఏమవుతుందో" అనే అనేవారు. ఇది చేతబడా, జబ్బా అని వాదించుకునేవారు. డాక్టర్లను నమ్మేవాళ్ళు ఒక వైపు, మంత్రగాళ్ళను నమ్మేవాళ్ళు ఒక వైపు. ఆ వాదన విని చదవనివాళ్ళు కూడా పత్రిక కొన్నారు. సస్పెన్స్ నవలను సిఫార్సు చేయడమంటే నా దృష్టిలో ఇదే. నీకు ముగింపు తెలిసినా, నువ్వింకా సగంలోనే ఉన్నట్టు మాట్లాడాలి. నిన్ను రాత్రి నిద్రపోనివ్వని ప్రశ్న ఏదో, దాన్ని అవతలివాళ్ళకు అంటించాలి. జవాబు మాత్రం నీ దగ్గరే ఉంచుకోవాలి.

ప్రశ్న అంటే ఎప్పుడూ "ఎవరు చంపారు" అనే కాదు. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఫ్రెడరిక్ ఫోర్సైత్ "ది డే ఆఫ్ ది జాకాల్" 1971లో వచ్చింది. ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్‌ను చంపడానికి కిరాయికి కుదిరిన ఒక హంతకుడి కథ. డి గాల్ అంతకుముందు ఏడాదే, 1970లో, తన ఇంట్లో మామూలుగా చనిపోయాడు. అంటే ఈ హత్య జరగదని పుస్తకం తెరవక ముందే ప్రతి పాఠకుడికీ తెలుసు. అయినా చదువుతుంటే అరచేతులు తడుస్తాయి. ఎందుకు? ఆ నవల అడిగే ప్రశ్న "ఎలా" అన్నది. వాడు దొంగ పాస్‌పోర్టు ఎలా సంపాదించాడు, తుపాకీ ఎలా చేయించాడు, అటు పక్క ఒక నెమ్మదైన పోలీసు అధికారి ఊరూ పేరూ తెలియని మనిషిని ఒక్కో కాగితం తిరగేసుకుంటూ ఎలా వెంటాడాడు. ఈ నవలను "చివరికి ఏమవుతుందో చూడు" అని ఇస్తే మొదటికే మోసం. "పని చేయడమంటే ఎలా ఉంటుందో చూడు" అని ఇవ్వాలి. కంప్యూటర్ పని చేసే మా మేనల్లుడు నవలలు ముట్టడు. వాడికి సరిగ్గా ఈ మాటే చెప్పి ఇచ్చాను. రెండు రాత్రుల్లో ముగించాడు.

జపాన్ రచయిత కీగో హిగాషినో 2005 నవల "ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్"లో అయితే హత్య మన కళ్ళ ముందే జరుగుతుంది. ఎవరు చేశారో, ఎందుకు చేశారో మొదట్లోనే తెలిసిపోతుంది. పక్క వాటాలో ఉండే లెక్కల మాస్టారు ఒకాయన ఆ తల్లీకూతుళ్ళను కాపాడటానికి పూనుకుంటాడు. నువ్వు చెప్పాల్సింది ఆయన గురించి. ఎవరితోనూ మాట్లాడని, పొద్దున్నే ఒకే దారిలో నడిచి బడికి వెళ్ళే మనిషి గురించి. ఆయన్ని గురించి రెండు వాక్యాలు బాగా చెప్పగలిగితే ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

మన యండమూరి "అభిలాష"ను "కోర్టు థ్రిల్లర్" అని ఇచ్చేవాళ్ళను చూశాను. అలా కాకుండా, "ఉరిశిక్ష రద్దు కావాలని తపించే ఒక లాయరు, ఆ తపన కోసం ఎంత దూరం వెళ్ళాడో చదువు" అని ఇచ్చి చూడు. అవతలి మనిషి కళ్ళలో తేడా కనపడుతుంది.

ఇప్పుడు నీకు నేనే ఒక పుస్తకం సిఫార్సు చేస్తాను, పద్ధతి గమనించు. అగాథా క్రిస్టీ 1926లో రాసిన నవల ఉంది, "ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్". అందులో కరొలైన్ అని ఒకావిడ. గడప దాటకుండానే ఊళ్ళో ఏ ఇంట్లో ఏం జరిగిందో ఆమెకు తెలిసిపోతుంది. పాలవాడు, పనిమనిషి, వాళ్ళ చుట్టాలు, అంతా ఆమె వార్తాహరులు. తమ్ముడు డాక్టరు. ఆయన నోరు విప్పకపోయినా మొహం చూసే ఆమె సంగతి లాగేస్తుంది. ప్రతి వీధిలోనూ ఇలాంటి ఒక పెద్దమ్మ ఉంటుంది కదా! వాళ్ళ పక్కింట్లో కొత్తగా దిగిన ఒక పొట్టి పెద్దమనిషి పెరట్లో గుమ్మడి జాతి కాయలు పండిస్తూ, విసుగొచ్చి ఒకరోజు ఓ కాయను గోడ అవతలికి విసిరేస్తాడు. ఆ విసిరినాయనే క్రిస్టీ డిటెక్టివ్ పువారో. తర్వాతి కాలంలో తాను సృష్టించిన ముసలి డిటెక్టివ్ మిస్ మార్పుల్‌కు ఈ కరొలైనే మూలం కావచ్చని క్రిస్టీ తన ఆత్మకథలో రాసుకుంది. ఆ పెద్దమ్మ కోసం చదువు. అంతే, ఇంకేమీ చెప్పను. దీని గురించి ఎక్కడా వెతకకు, వెనక అట్ట కూడా చదవకు.

హత్య గురించి ఒక్క ముక్క చెప్పలేదు, గమనించావా? హత్య ఉందని పేరులోనే ఉంది.

పాత పుస్తకాలు ఇచ్చేటప్పుడు నిజాయితీ ఇంకా అవసరం. విల్కీ కాలిన్స్ "ది మూన్‌స్టోన్" 1868 నాటిది. 1799లో శ్రీరంగపట్నం కోట పడినప్పుడు దోచుకెళ్ళిన ఒక వజ్రం ఇంగ్లండులో ఒక ఇంటి మీదకు తెచ్చే కష్టాల కథ. అందులో ఒక ముసలి బట్లర్ ఉన్నాడు. మనవాళ్ళు పంచాంగం చూసినట్టు, ఏ చిక్కు వచ్చినా రాబిన్సన్ క్రూసో పుస్తకం తెరిచి అందులో జవాబు వెతుక్కుంటాడు. ఆయనంటే నాకు చెప్పలేనంత ఇష్టం. కానీ ఈ నవల చాలా నెమ్మది. ఆ సంగతి దాచకుండా చెప్పు. "మొదటి వంద పేజీలు వేసవి మధ్యాహ్నంలా సాగుతాయి, ఓపిక పట్టు" అంటే నమ్మకంతో చదువుతారు. "ఊపిరి బిగబట్టి చదివిస్తుంది" అని అబద్ధం చెప్పి ఇస్తే, ఆ తర్వాత నువ్వు ఏ పుస్తకం ఇచ్చినా తీసుకోరు.

వరస కూడా చూసుకో. షాడోనో, బెంగాలీ డిటెక్టివ్ వ్యోమకేశ్ బక్షీనో ఎక్కడ మొదలుపెట్టినా పెద్ద నష్టం లేదు. పువారో కథల్లో మాత్రం "కర్టెన్" మొదట ఇవ్వకు. అది ఆయన చివరి కేసు. ఆ మనిషితో పది పుస్తకాలు నడిచాక చదవాల్సింది.

ఇంకొకటి చెప్పాలి. చాలాకాలం ఎవరికీ చెప్పుకోలేదు. నా స్నేహితురాలికి ఒక థ్రిల్లర్ ఇచ్చాను, "మొదటి పేజీలోనే పట్టేస్తుంది" అని. మొదటి పేజీలో చెరువులో తేలిన ఒక పిల్లవాడి శవం ఉంటుంది. ఆమె తమ్ముడు చిన్నప్పుడు కాలవలో పడి పోయాడు. నాకు తెలుసు. తెలిసి కూడా, పుస్తకం మీది ఉత్సాహంలో గుర్తు రాలేదు. మర్నాడు పుస్తకం మా గుమ్మం దగ్గర ఉన్న కుర్చీలో పెట్టి వెళ్ళిపోయింది. ఒక్క మాట అనలేదు. నేను వెళ్ళి క్షమించమని అడిగాను, క్షమించింది కూడా. కానీ అప్పటి నుంచి ఈ రకం పుస్తకం ఏది ఇచ్చినా ముందు అడుగుతాను. "ఇందులో పిల్లలకు కష్టం వస్తుంది, ఫరవాలేదా?" "రక్తం ఎక్కువ, చదవగలవా?" దీనివల్ల సస్పెన్స్ ఏమీ పోదు. మనం కథను కాపాడుతున్నాం సరే, చదివే మనిషిని కూడా కాపాడాలి. చావును ఆటగా చూపించే పుస్తకాలు ఇవి. చేతిలోకి తీసుకునేవాళ్ళలో చావును దగ్గర నుంచి చూసినవాళ్ళు ఉంటారు.

ఇక నీ నవల. ఇన్ని పేజీలు నీ స్నేహితురాలి మీద ఖర్చు పెట్టానని అనుకోకు, ఇదంతా దాని గురించే. నువ్వు రాసిన రెండు లైన్లూ మళ్ళీ చూడు: "హంతకుడెవరో చివరి పేజీ దాకా తెలియదు. మధ్యలో మూడు ట్విస్టులు ఉన్నాయి." మరొకరి పుస్తకం గురించి చేసిన పొరపాటే నీ పుస్తకం గురించీ చేశావు. అందులో ఎవరున్నారు? ఏ ఊళ్ళో జరుగుతుంది? హత్య జరిగిన ఇంట్లో పొద్దున్న ఎవరు లేచి పొయ్యి వెలిగిస్తారు? చనిపోయిన మనిషి కోసం నిజంగా ఏడ్చింది ఎవరు? ఆ రెండు లైన్లలో నాకు ఒక్క మనిషీ కనపడలేదు.

అందుకని వచ్చే ఉత్తరంలో నవల పంపకు. ముగింపు గురించీ, ట్విస్టుల గురించీ ఎత్తకుండా, ఒక తోటి పాఠకుడికి వేరొకరి పుస్తకం ఇస్తున్నట్టు, నీ నవల గురించి పది వాక్యాలు రాసి పంపు. పదీ వస్తే రాతప్రతి వెంటనే తెప్పించుకుని చదువుతాను. నాలుగు దగ్గరే ఆగిపోతే కంగారుపడకు. ఏ పాత్ర ఇంకా మనిషి కాలేదో అక్కడే తెలుస్తుంది, కూర్చుని దాన్ని రాయి. నా రెండో నవలకు నేను మూడు వాక్యాల దగ్గరే ఆగిపోయాను. ఏడు నెలలు మళ్ళీ రాశాను.

నువ్వు అడిగిన పాత పాకెట్ డిటెక్టివ్ నవలలు రెండు స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. హైదరాబాద్‌లో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికాయి. కాగితం పెళుసుగా ఉంది, నెమ్మదిగా తిప్పు. రెండోదాంట్లో చివరి ఎనిమిది పేజీలు లేవు, ఎవరో చింపేశారు. ఆ నవల నేను అప్పట్లో పూర్తిగా చదివాను, ముగింపు నాకు గుర్తుంది. నువ్వు అక్కడిదాకా వచ్చాక ఫోన్ చెయ్యి. ముందు నువ్వు ఎవరనుకుంటున్నావో చెప్పాలి, ఆ తర్వాతే నేను చెబుతాను.

ఆశీస్సులతో,
నీ పెద్ద నేస్తం