టిక్స్‌కి బిహేవియర్ థెరపీ: మా అబ్బాయి విషయంలో ఏం జరిగిందంటే

మీ పాపకి తొమ్మిదేళ్ళు, ఏడాదిన్నరగా కళ్ళు టపటపలాడిస్తోంది, గొంతు సవరించుకుంటోంది, డాక్టరు టూరెట్ (ఇలా కావాలని కాకుండా పదేపదే వచ్చే కదలికలు, శబ్దాలు, అంటే టిక్స్, ఏడాదికి పైగా ఉండే నరాల సమస్య) అని చెప్పి మందుల కంటే ముందు బిహేవియర్ థెరపీ చేయించమన్నారు అని రాశారు. "కావాలని చేయట్లేదని వాళ్ళే అంటారు, మళ్ళీ ఆపుకోవడం నేర్పిస్తామంటారు, ఇదేం లెక్క?" అన్న మీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది. మొదటి రోజు థెరపిస్ట్‌ని నేనూ ఇదే అడిగాను. నేను డాక్టర్ని కాదు. మా అబ్బాయికి ఇప్పుడు పదమూడు, వాడికి పదేళ్ళప్పుడు ఈ థెరపీ చేయించాం.

వాడికి ఆరేళ్ళకి మొదలైంది. ముందు కళ్ళు. చూపు సమస్యేమోనని కళ్ళ డాక్టర్ దగ్గరికి తిరిగాం. తర్వాత గొంతు శబ్దం వచ్చింది, అలర్జీ అనుకుని నెలల తరబడి సిరప్‌లు పట్టించాం. చివరికి మెడ విదిలించడం మొదలైంది, రోజుకి ఎన్నిసార్లో లెక్క లేదు, రాత్రికి మెడనొప్పితో ఏడ్చేవాడు. మధ్యలో నెలా రెండు నెలలు అన్నీ తగ్గిపోయేవి. హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ వచ్చేవి. అలా పెరుగుతూ తగ్గుతూ ఉండటం టిక్స్ స్వభావమట. చాలామంది పిల్లల్లో పది, పన్నెండేళ్ళ మధ్య బాగా ఎక్కువై, టీనేజ్ దాటేసరికి తగ్గుముఖం పడతాయని కూడా అప్పుడే తెలిసింది.

ఇక మీ అనుమానం సంగతి. మొదటి సెషన్‌లో థెరపిస్ట్ మా వాణ్ణి "మెడ తిప్పే ముందు లోపల ఏమనిపిస్తుంది?" అని అడిగారు. నాలుగేళ్ళలో మేమెవ్వరం అడగని ప్రశ్న. వాడు కాసేపు ఆలోచించి, "ఇక్కడ ఏదో పట్టేసినట్టుంటుంది, ఒక్కసారి లాగితే వదులుతుంది, మళ్ళీ పట్టేస్తుంది" అన్నాడు. తుమ్ము వచ్చే ముందు ముక్కులో ఉండే ఆ ఇబ్బంది లాంటిదే. టిక్ చేస్తే ఆ ఇబ్బంది క్షణంపాటు పోతుంది. ఆ ఊరట వల్లే అలవాటు గట్టిపడుతుంది. థెరపీ పట్టుకునేది ఈ గొలుసునే. పళ్ళు బిగబట్టి ఓర్చుకోమని ఎవరూ చెప్పరు. ఆ పట్టేసినట్టు అనిపించగానే, టిక్‌కి వీలులేని ఇంకో కదలిక చేయమంటారు. మా వాడికి నేర్పింది: గడ్డం కొద్దిగా కిందికి దించి, మెడ కండరాలు మెల్లగా బిగించి, కళ్ళు ఎదురుగా పెట్టడం. ఒక నిమిషం, లేదా ఆ ఇబ్బంది పోయేదాకా. పక్కనున్న వాళ్ళకి తెలియనంత చిన్న కదలిక. గొంతు శబ్దానికి అయితే ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చి నోటితో వదలడం. అన్నీ ఒకేసారి కాదు, ఎక్కువ బాధపెట్టేదాన్ని ముందు తీసుకుంటారు.

దీన్ని హాబిట్ రివర్సల్ అంటారు. 1973లో అజ్రిన్, నన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు మొదలుపెట్టిన పద్ధతి. దీనికే ఇంట్లో, బడిలో చేసుకోవాల్సిన మార్పులు కూడా కలిపి ఇప్పుడు సీబిట్ (టిక్స్‌కి సమగ్ర బిహేవియర్ థెరపీ) అంటున్నారు. 2010లో అమెరికాలో 9 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 126 మందితో పది వారాల్లో ఎనిమిది సెషన్లుగా దీన్ని పరీక్షించారు. థెరపీ తీసుకున్నవాళ్ళలో 52.5 శాతం మందికి బాగా మెరుగైంది, ఊరికే కౌన్సెలింగ్ ఇచ్చినవాళ్ళలో 18.5 శాతం మందికి. అంటే సగం మందికి అంతగా పనిచేయలేదు కూడా. ఎవరైనా గ్యారంటీ అంటే నమ్మకండి.

మా ఇంట్లో అసలు కష్టపడింది పిల్లాడు కాదు, మేము. వాడు మెడ తిప్పగానే "ఒరేయ్, మెడ!" అని మా అత్తగారు, "మళ్ళీనా?" అని నేను, హోంవర్క్ దగ్గర ఎక్కువైతే పుస్తకం మూసేసి "పోనీలే, రేపు చేద్దువు" అని మావారు. ఈ మూడూ టిక్స్‌కి ఎరువు వేసినట్టేనట! టిక్‌ని చూసీ చూడనట్టు ఉండాలి. హోంవర్క్ మధ్యలో చిన్న విరామం ఇవ్వొచ్చు, కానీ హోంవర్క్ పూర్తవ్వాలి. చెప్పుకోవడానికి తేలిక. మాకు నెల పట్టింది.

ఇంకో తప్పు నాది. సెషన్లు మొదలయ్యాక ఉత్సాహంగా రోజంతా "గడ్డం దించు, గడ్డం దించు" అని వెంటపడ్డాను. మూడో వారం వాడు "నాకు ఈ థెరపీ వద్దు" అని తలుపేసుకున్నాడు. అప్పుడు థెరపిస్ట్ రోజుకి అరగంట మాత్రమే సాధన పెట్టుకోమన్నారు, మిగతా సమయం వాణ్ణి వదిలేయమన్నారు. స్టిక్కర్లు ఇస్తే సాధన చేసినందుకు ఇవ్వాలి, టిక్ రానందుకు కాదు. ఈ తేడా నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఆపుకుంటే తర్వాత రెట్టింపై బయటికొస్తాయేమో అని రాశారు. బడిలో బిగబట్టుకుని ఇంటికి రాగానే మా వాడికీ ఎక్కువగా వచ్చేవి, అందుకే నేనూ భయపడ్డాను. అయితే పరిశోధనల్లో చూస్తే ఆపుకున్నాక రెట్టింపై తిరిగొస్తాయన్నది తేలలేదు. ఇల్లు భద్రంగా అనిపించడం, అలసట, మన స్పందన, ఇవన్నీ కలిసి అలా కనిపిస్తాయని థెరపిస్ట్ చెప్పారు.

మందులు చెడ్డవని నేను అనను. టిక్ వల్ల దెబ్బలు తగులుతుంటే, లేదా పక్కనే ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం), ఓసీడీ (వదలని ఆలోచనలు, చేసిందే మళ్ళీ మళ్ళీ చేయడం) ఉంటే (టూరెట్‌తో ఈ రెండూ తరచుగా ఉంటాయి) ముందు వాటి సంగతి చూడాల్సి రావచ్చు. థెరపిస్ట్‌ని ఎంచుకునేటప్పుడు "టిక్స్‌కి హాబిట్ రివర్సల్ చేశారా, ఎంతమంది పిల్లలకి?" అని మొహమాటం లేకుండా అడగండి. మేము వెళ్ళిన మొదటి చోట ఆరు వారాలు బొమ్మలు గీయించారు, అంతే.

మా వాడికి పది వారాల తర్వాత మెడ దాదాపు ఆగిపోయింది, గొంతు శబ్దం సగానికి తగ్గింది. పరీక్షలప్పుడు ఇప్పటికీ వస్తుంది. పోయిన నెల కొత్తగా భుజం ఎగరేయడం మొదలైంది. నేను గమనించాను, నోరు మెదపలేదు, కడుపులో మాత్రం టెన్షన్. పది రోజుల తర్వాత వాడే వచ్చి, "అమ్మా, దీనికి ఏ కదలిక పెట్టుకోవాలి, మోచేయి ఒంటికి ఆనించి ఉంచితే సరిపోతుందా?" అని అడిగాడు. చూద్దాం అన్నాను.