ఐదో తరగతి ప్రాజెక్టుకు ఇంటర్నెట్టా? ముందు సీసా కోయించండి

"ఐదో తరగతి పిల్లలతో ప్రాజెక్టు చేయించాలి, బడిలో ఉండేది నా ఫోను ఒక్కటే, ఇంటర్నెట్ ఎట్లా వాడించాలి?" అని అడిగినారు. అనంతపురం పక్క పల్లె అన్నారు కాబట్టి మన వైపు నడిచేదే చెప్తా.

గూగుల్‌లో కొడితే జవాబు దొరికే ప్రశ్న మాత్రం ఇవ్వొద్దు. ఇస్తే జరిగేది ఇదీ: వాళ్ల నాయన నెట్ సెంటరుకు పోయి "ఐదో తరగతి, నీటి వనరులు" అంటాడు. అక్కడ పది కలర్ ప్రింట్లు తీసిస్తారు. అమ్మ కత్తిరించి చార్టుకు అంటిస్తుంది. పిల్లోడు కింద స్కెచ్ పెన్నుతో పేరు రాస్తాడు. మార్కులు నెట్ సెంటరుకు వేసినట్టే.

ఇంటర్నెట్‌లో లేని ప్రశ్న ఇవ్వండి. "నిన్న మన బడి మీద ఎంత వాన పడింది?" శనక్కాయ వేసే ఊళ్లో ఈ ప్రశ్న పిల్లలకు కొత్తేం కాదు. ఇంట్లో రోజూ వినేదే, పదును అయిందా లేదా అని.

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా తీసుకోండి. నడుము దగ్గర నొక్కినట్టుండేది వద్దు, గోడలు నిటారుగా ఉండేదే కావాలి. భుజం దిగి గోడ నిటారయ్యే చోట కోయండి (కోత పని మీది, పిల్లలది కాదు). పైముక్కకు మూత తీసి, తలకిందులుగా గరాటు మాదిరి లోపల దించి అంచుకు టేపు వేయండి. అడుగు గుంతలు గుంతలుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, అవి మునిగి నీళ్లు నిటారు గోడ దాకా వచ్చేట్టు పోయండి. అక్కడ సున్నా గీత. ఆ గీత నుంచి పైకి మిల్లీమీటర్ల కాగితం స్కేలు అంటించి, మీద పారదర్శక టేపు నిండుగా చుట్టాలి. లేకుంటే మొదటి వానకే స్కేలు కరిగిపోతుంది.

ఎక్కువమంది తప్పు చేసేది గరాటు దగ్గర. ఇంట్లో కిరసనాయిలు పోసే పెద్ద గరాటు తెచ్చి పెడతారు. గరాటు నోరు 10 సెంటీమీటర్లు, సీసా 5 సెంటీమీటర్లు అయితే నీళ్లు నాలుగింతలు లేస్తాయి, రెండింతలు కాదు. ఐదు మిల్లీమీటర్ల వాన ఇరవై అని రాసుకుంటారు. గరాటు నోరు, సీసా అడ్డం ఒకటే ఉంటే లెక్క ఏమీ అక్కర్లేదు, గీత చూసి చదవడమే.

సీసాను చెట్టుకూ గోడకూ దూరంగా పెట్టాలి. గోడ ఎంత ఎత్తో దానికి రెండింతల దూరమైనా ఉండాలి. మన జూన్, జూలై గాలికి సీసా ఎగిరిపోతుంది కాబట్టి చుట్టూ నాలుగు ఇటుకలు. నీళ్లు ఆవిరై మట్టం సున్నా గీత కిందికి జారుతుంటుంది, అందుకని కొలత రాసిన వెంటనే నీళ్లు సరిగ్గా గీతకు తేవాలి, రోజూ.

ఇక ఫోను. సాయంత్రం ఒక టైము పెట్టుకుని, రేపటి వాన అంచనా ఉన్న పేజీ స్క్రీన్‌షాట్ తీయండి. రేపు చూసుకోవచ్చులే అనుకుంటే ఈరోజు చెప్పిన అంచనా మళ్లీ దొరకదు, మారిపోయి ఉంటుంది. తరగతిలో చూపేటప్పుడు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, మీ వాట్సాప్ మెసేజీలు పిల్లలు చదవకుండా. స్క్రీన్ చుట్టూ ఐదుగురికంటే ఎక్కువ పట్టరు. ఒక జట్టు చూసి బోర్డు మీద రాస్తే మిగతావాళ్లు రాసుకుంటారు.

పుస్తకంలో గడులు మూడే: తేదీ, మా సీసా, ఫోను. ఇక్కడ రెండు చిక్కులొస్తాయి. ఫోనులో "40 శాతం" అని ఉంటే పిల్లలు 40 మిల్లీమీటర్లని రాసేస్తారు. ఇట్లాంటి రోజులు పది వస్తే నాలుగింట్లో పడొచ్చని చెప్పి, మిల్లీమీటర్ల అంకె వేరే ఉంటే అదే రాయించండి. రెండోది టైము. వాతావరణ శాఖ లెక్క ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 దాకా. ఫోను యాప్ లెక్క సాధారణంగా అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి. మనకు వాన ఎక్కువగా సాయంత్రం, రాత్రి పడేది. రాత్రి పదకొండుకు పడింది ఫోనులో నిన్నటిది, పొద్దున 8.30కు చదివే మీ సీసాలో ఈరోజుది. ఈ సంగతి ముందే చెప్పకపోతే పిల్లలు సీసానే చెడిపోయిందంటారు. బడి పక్కనుండే పిల్లకు 8.30 కొలత అప్పజెప్పండి.

రెండు అంకెలూ కలవకుంటే ఫోను కరెక్టు, సీసా తప్పు అనే మాట పెద్దవాళ్ల నోట కూడా వస్తుంది. ఫోను అంకె మీ ఊరిలో కొలిచింది కాదు, మ్యాపును గడులుగా కోసి, కొన్ని కిలోమీటర్ల ఒక్కో గడికి కంప్యూటర్ కట్టిన లెక్క. మన వైపు వాన రోడ్డుకు ఒకపక్క పడి ఇంకోపక్క ఎండగా ఉంటుంది.

నెట్‌లో ఉండే పాత సమాచారం సంగతి కూడా చెప్పాలి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26 అయినాయి. బేలం గుహలు నంద్యాలకు, తిమ్మమ్మ మర్రిమాను శ్రీ సత్యసాయి జిల్లాకు పోయినాయి. అంతకుముందు రాసి, మళ్లీ దిద్దని పేజీల్లో బేలం కర్నూలులోనే ఉంటుంది. అందుకే ఏది రాసుకున్నా ఏ పేజీ, ఏ తేదీన చూసినారో పక్కన రాయించండి. పిల్లోడు నంద్యాల అని రాస్తే ఎర్ర ఇంకుతో కర్నూలు అని దిద్దే సార్లు కూడా ఉన్నారు, ఆ గొడవ ఇంకో రోజు.

లెక్కల పీరియడులో దీన్నే వాడొచ్చు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. బడి మిద్దె 100 చదరపు మీటర్లయితే 20 మిల్లీమీటర్లకు 2000 లీటర్లు. ట్యాంకులు ఎన్ని నిండుతాయో వాళ్లే లెక్కేస్తారు.

ఆగస్టు చివర మొదలుపెట్టి అక్టోబరు దాకా చేయించండి, మనకు సెప్టెంబరులోనే వాన ఎక్కువ. అయినా సున్నాలు వస్తాయి. వాన పడని రోజు గడిలో 0 అనే రాయించండి. ఖాళీగా వదిలితే, పడలేదో చూడలేదో నెల తర్వాత మీకే తెలియదు.